నూనెలో వేగిన ఉల్లిపాయ

పోయిన రంజాన్ అయిపోయాక మా ఆపా కూతురు డాలస్ నుంచి ఫోన్ చేసింది.

"మామూ, ఇక్కడ హలాల్ మెక్సికన్ హోటలొకటి ఉంది. గిన్నెలో అన్నం వేసి, మీద బీఫ్ ఖీమా, రాజ్మా, మన కచూంబర్ లాంటిదీ వేసిస్తారు. తింటుంటే నానీ చేతి ఖీమా పులావే గుర్తొస్తది. వీళ్లు మనవాళ్లేనేమో అనిపిస్తది."

నవ్వాను. కాసేపాగి తనే అంది: "ఆఫీసులో మన తెలుగువాళ్లు ఉంటారు కదా. ఏం తింటున్నావని వాళ్లడిగితే చికెన్ అని చెప్తున్నా."

ఆ రెండో మాట దగ్గర నా నవ్వు ఆగిపోయింది. నేను నల్లగొండలో హైస్కూల్లో చదివేటప్పుడు, టిఫిన్ బాక్సులో బడే కా గోష్ పెట్టిన రోజు అమ్మీ మూత బిగిస్తూ చెప్పేది: "ఎవరైనా అడిగితే మటన్ అను బేటా." భయపడుతూ చెప్పేది కాదు. వానొచ్చేట్టుంది, గొడుగు తీసుకుపో అన్నట్టు చెప్పేది. ఒకసారి నేను నిజం చెప్పేశాను. మర్నాటి నుంచి నా పక్కన కూర్చునే దోస్తు వేరే బెంచీకి మారాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. బెంచీ మారింది, అంతే. ముప్పై ఏళ్ల తర్వాత అదే అబద్ధం సముద్రాలు దాటి డాలస్ చేరింది. అప్పటి మటన్ ఇప్పుడు చికెన్ అయింది.

అసలా గిన్నె సంగతేంటో చూద్దామనుకున్నాను. వంటా చేశాను, చరిత్రా చదివాను. రెండూ నన్ను ఒకే చోటికి తీసుకుపోయాయి.

ముందు వంట చెబుతాను. నలుగురికి ముప్పావు గంటలో అయ్యే పని. రాజ్మా మాత్రం ముందు రాత్రే నానబెట్టి, ఉప్పేసి కుక్కర్లో మెత్తగా ఉడికించి పెట్టుకోవాలి. రెండు గ్లాసుల బియ్యం కడిగి, నీళ్లు పూర్తిగా వంపేసి ఆరబెట్టాలి. రెండు టమాటాలు, సగం ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు కలిపి రుబ్బుకోవాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె పోసి, బియ్యాన్ని బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి. మెక్సికో ఇళ్లలో చేసే ఎర్ర అన్నానికి ప్రాణం ఇక్కడే ఉంది. బియ్యం వేగాక రుబ్బిన టమాటా పోసి, పచ్చి వాసన పోయాక మూడున్నర గ్లాసుల వేడినీళ్లు, ఉప్పు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద పావుగంట ఉంచాలి. దించి పది నిమిషాలు మూత తీయకూడదు. మా ఇంట్లో పులావుకు దమ్ పెట్టే ఓపికే దీనికీ కావాలి.

అన్నం ఉడికేలోపు ఇంకో పొయ్యి మీద నూనెలో ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయించి, అరకిలో బడే కా ఖీమా వేసి పెద్ద మంట మీద నీరంతా ఇగిరిపోయి అడుగంటబోయేదాకా తిప్పాలి. కారం, జీలకర్ర పొడి, ఉప్పు, ఒక టమాటా చాలు. గరం మసాలా వేయకండి, వేస్తే అది మన ఖీమా అయిపోతుంది. చివరికి గిన్నెలో అన్నం, దాని మీద ఖీమా, రాజ్మా, ఆ పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర. నిమ్మకాయ పిండుకుని తినడమే. మా బస్తీలో దొరికేది దున్న మాంసం. దానితోనే చేశాను. బాగా కుదిరింది.

ఇప్పుడు ఈ వంటలో మొదటి మెట్టు దగ్గరికి వెనక్కి వెళదాం. నూనెలో ఉల్లిపాయ, వెల్లుల్లి, మాంసం. ఐదొందల ఏళ్ల కింద స్పెయిన్‌లో ఈ వాసన మనిషిని విచారణ గదికి ఈడ్చుకుపోగలిగేది.

ఆండ్రెస్ బెర్నాల్దెస్ అని ఒక క్రైస్తవ మతగురువు సెవిల్ దగ్గరి లోస్ పలాసియోస్‌లో ఉండేవాడు. ఫెర్డినాండ్, ఇసబెల్లా రాజదంపతుల కాలం గురించి చరిత్ర రాశాడు. యూదు మతం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ల మీద ఆయన పెట్టిన ఫిర్యాదుల్లో ఇదొకటి: వాళ్లు పందికొవ్వు మాని నూనెలో మాంసం వండుతారు, ఉల్లి వెల్లుల్లి నూనెలో వేయిస్తారు, వాళ్ల ఇళ్లు ఆ వాసన కొడతాయి. పాత క్రైస్తవుడి వంట పందికొవ్వుతో జరగాలి. నూనె వాసన వచ్చిందంటే ఆ ఇంట్లోవాళ్ల బాప్తిజం ఉత్తదేనని అనుమానం.

1478లో పోపు అనుమతితో పుట్టిన స్పానిష్ ఇన్‌క్విజిషన్ ఇలాంటి గుర్తుల పట్టికలనే చర్చిల్లో చదివి వినిపించేది. పంది మాంసం, ద్రాక్షసారా ముట్టనివాళ్లు, కుస్‌కుస్ వండుకునేవాళ్లు, నేల మీద కూర్చుని తినేవాళ్లు, రంజాన్ నెలలో పగలు పస్తుండేవాళ్లు, చేతులకు గోరింటాకు పెట్టుకునేవాళ్లు, తరచుగా స్నానం చేసేవాళ్లు ఎవరైనా మీ ఎరుకలో ఉంటే వచ్చి చెప్పండి అని. చెప్పాల్సింది ఎవరు? పక్కింటివాళ్లు, పనిమనిషి, ఒక్కోసారి సొంత బంధువులు. దేవుడి గురించి ఏమనుకుంటున్నాడో మనిషి గుండె కోసి చూడలేరు కాబట్టి వంటగిన్నె మూత తీసి చూశారు.

అంతకుముందు ఇచ్చిన మాట వేరు. 1491 నవంబరులో గ్రెనడా లొంగుబాటు ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1492 జనవరి 2న నగరాన్ని అప్పగించారు. ముస్లింల మతం, మసీదులు, చట్టం జోలికి పోబోమని ఆ ఒప్పందంలో రాసుంది. అది పదేళ్లు కూడా నిలబడలేదు. 1499లో ఆర్చ్‌బిషప్ సిస్నెరోస్ గ్రెనడా వచ్చి మూకుమ్మడి బాప్తిజాలు మొదలుపెట్టాడు. అరబ్బీ పుస్తకాలు కుప్పలు పోసి తగలబెట్టించాడు. జనం తిరగబడితే, తిరగబడ్డారు కాబట్టి ఒప్పందం చెల్లదన్నారు. 1502లో కాస్తీల్ రాజ్యంలోని ముస్లింలందరికీ ఒకే ఆజ్ఞ: మతం మారండి, లేదా పోండి. మారి మిగిలినవాళ్లకు 'మోరిస్కో'లని పేరు పెట్టారు. మతం మారినా పేరు మారనివ్వలేదు.

వాళ్లలో కొందరు సముద్రం అవతలికి కబురు పంపారు, ఏం చేయమంటారని. 1504లో ఒరాన్‌కు చెందిన అహ్మద్ ఇబ్న్ అబీ జుమా అనే ధర్మశాస్త్ర పండితుడి ఫత్వా వచ్చింది. బలవంతం చేస్తే పైకి వాళ్లు చెప్పినట్టే చేయండి. పంది మాంసం తినమంటే తినండి, మనసులో మాత్రం ఒప్పుకోకండి అన్నాడు. ఈ ఫత్వా గురించి చదువుతుంటే నాకు టిఫిన్ బాక్సు మూత బిగిస్తున్న అమ్మీ చెయ్యి కనబడింది. ఆమె ఒరాన్ పేరైనా విని ఉండదు. తన బిడ్డ మందలో ఒంటరి కాకూడదని తనంతట తానే అలాంటి తీర్పు ఇచ్చుకుంది.

1567లో రెండో ఫిలిప్ ప్రభుత్వం గ్రెనడాలో ఇంకో ఆజ్ఞ చాటించింది. అరబ్బీ మాట్లాడకూడదు, రాయకూడదు. ఆ బట్టలు, ఆ పేర్లు, ఆ స్నానశాలలు ఉండకూడదు. శుక్రవారాలు ఇంటి తలుపులు తెరిచే ఉంచాలి, లోపల ఏం జరుగుతుందో కనబడాలి కాబట్టి. ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములే అనే వృద్ధ మోరిస్కో పెద్దమనిషి దీని మీద అధికారులకు ఒక అర్జీ పెట్టుకున్నాడు. సిరియాలో, ఈజిప్టులో క్రైస్తవులున్నారు, వాళ్లు అరబ్బీ మాట్లాడతారు, మాలాంటి బట్టలే కడతారు, అయినా క్రైస్తవులే కదా, బట్టకూ భాషకూ మతానికీ ముడి ఎందుకు పెడతారు అని ఆయన వాదన. ఇవాళ మనం వేదికలెక్కి చెబుతున్న మాటే ఇది. ఆయన మాట ఎవరూ వినలేదు. మరుసటి ఏడాది అల్పుహార్రాస్ కొండల్లో తిరుగుబాటు లేచింది. 1571 నాటికి దాన్ని నెత్తుట్లో అణిచేశారు. 1609 నుంచి 1614 దాకా మోరిస్కోలను దేశం నుంచే తరిమేశారు. దాదాపు మూడు లక్షల మందిని వెళ్లగొట్టారు, వాళ్లలో ఎక్కువమందిని ఓడలెక్కించి ఉత్తర ఆఫ్రికా రేవుల్లో దించేశారు. అప్పటికి వాళ్లు నాలుగైదు తరాలుగా కాగితాల మీద క్రైస్తవులు.

మొదట ఖాళీ చేయించింది వలెన్సియాని. అది వరి పండే సీమ. స్పెయిన్‌లో వరిని పొలాల పంటగా నిలబెట్టింది అరబ్బుల పాలనలోని రైతులే. 12వ శతాబ్దపు సెవిల్ వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఇబ్న్ అల్-అవ్వామ్ తన గ్రంథంలో వరి సాగు గురించి రాశాడు. బియ్యాన్ని స్పానిష్‌లో 'అర్రోస్' అంటారు, అది అరబ్బీ 'అర్-రుజ్'. నూనె 'అసేయితే', అది 'అజ్-జైత్'. మన జైతూన్ ఆ ఇంటిదే. పొలానికి నీరు తెచ్చే కాలువ 'అసేకియా', అంటే 'అస్-సాఖియా'. మన గజళ్లలో గిన్నె నింపే సాఖీది కూడా అదే ధాతువు. వలెన్సియా వరిపొలాల నడుమ ఉన్న సరస్సు పేరు ఇవాళ్టికీ అల్బుఫేరా, అంటే 'అల్-బుహైరా'. ఆ ప్రాంతం తన జనాభాలో దాదాపు మూడో వంతును అప్పుడు పోగొట్టుకుంది. కాలువలు అక్కడే ఉన్నాయి, వరి అక్కడే ఉంది, వరి పేరు కూడా అక్కడే ఉంది. మనుషుల్ని మాత్రం ఉండనివ్వలేదు.

1884లో అరగాన్ ప్రాంతంలోని అల్మొనాసిద్ దె లా సియెర్రా అనే ఊళ్లో ఒక పాత ఇల్లు కూలగొడుతుంటే దొంగ అటక కింద దాచిన రాతప్రతులు బయటపడ్డాయి. చాలావాటిలో భాష స్పానిష్, లిపి అరబ్బీ. మోరిస్కోల్లో చాలామందికి అరబ్బీ మాట మరుగున పడిపోయింది, లిపి ఒక్కటే మిగిలింది. దాన్ని కాపాడుకుని గోడల్లో దాచుకున్నారు. మాది తలకిందుల కథ. మా ఇళ్లలో మాట మిగిలింది, లిపి జారిపోతోంది. అమ్మీతో మాట్లాడే ఉర్దూని నేను ఇదిగో, ఇలా తెలుగు అక్షరాల్లో దాచుకుంటున్నాను.

ఇక ఆ బియ్యం మెక్సికో ఎలా చేరింది?

1501లోనే స్పెయిన్ రాజ్యం కొత్త ఖండానికి వెళ్లే గవర్నర్ ఒవాండోకి ఇచ్చిన ఆదేశాల్లో ముస్లింలను, యూదులను, కొత్తగా మతం మారినవాళ్లను అక్కడ అడుగుపెట్టనివ్వొద్దని ఉంది. అదే ఓడల్లో బియ్యం వెళ్లింది. బియ్యాన్ని ముందు నూనెలో వేయించి ఆ పైన నీళ్లు పోసే పద్ధతి మెక్సికో ఇళ్లలో స్థిరపడింది. అది మన పులావుకు బాగా దగ్గర. కొత్తిమీర, జీలకర్ర, నిమ్మ కూడా పాతలోకం నుంచి ఓడలెక్కి పోయినవే. 'అల్లా తలిస్తే' అనే అరబ్బీ మాట కూడా 'ఓహలా' అనే స్పానిష్ మాటగా మారి వెళ్లింది. ఇవాళ మెక్సికోలో చర్చికి పోయే ముసలమ్మ వాన పడితే బాగుండును అనుకున్నప్పుడు ఆ మాటే అంటుంది.

మనుషులకు పెట్టిన నిషేధం కూడా పూర్తిగా సాగలేదు. మొరాకోలోని అజెమ్మూర్‌కు చెందిన ఒక నల్లజాతి బానిసను ఎస్తెబానికో అనే పేరుతో స్పెయిన్‌వాళ్లు ఫ్లోరిడా దండయాత్రకు తీసుకుపోయారు. 1528లో అక్కడ దిగిన ఆ బృందంలో లోతట్టు నుంచి ప్రాణాలతో మెక్సికో నగరం చేరినవాళ్లు నలుగురే. వాళ్లు చేరింది 1536లో. ఆ నలుగురిలో ఇతనొకడు. దారులు తెలిసినవాడు, స్థానిక భాషలు పట్టుకున్నవాడు. మళ్లీ ఉత్తరానికి దారి చూపడానికి ముందు పంపితే 1539లో జూనీల ఊరి దగ్గర చనిపోయాడు. అతని అసలు పేరేమిటో ఎవరూ రాసిపెట్టలేదు.

పశువులు కూడా సముద్రం దాటినవే. కొలంబస్ 1493లో రెండో ప్రయాణంలో కరీబియన్ దీవులకు పశువుల్ని తెచ్చాడు, అక్కణ్నుంచి 1520ల్లో మెక్సికో చేరాయి. మేతకు కొదవలేదు, మందలు విపరీతంగా పెరిగాయి. అవి ఆదివాసుల మొక్కజొన్న చేలను తొక్కేశాయి. 1520 నాటి మశూచితో మొదలై వరసగా వచ్చిన రోగాలు మనుషుల్ని తుడిచిపెడుతుంటే ఖాళీ అయిన నేలను పశువులు ఆక్రమించాయి. గొడ్డుమాంసం చవకైంది. తోళ్లు స్పెయిన్‌కు ఎగుమతయ్యాయి. కాబట్టి ఆ గిన్నెలోని బీఫ్ ఆదివాసీకి మొదట కూరగా రాలేదు, చేను మేసే శత్రువుగా వచ్చింది. ఈ సంగతి దాచి, మన అరబ్బీ బియ్యం గొప్పదని నేను మురిసిపోతే అది అబద్ధపు చరిత్ర అవుతుంది.

ఆ ఆదివాసుల తిండి మీదా నిఘా పడింది. అజ్టెక్కులు తోటకూర జాతి గింజల పిండితో దేవుడి బొమ్మలు చేసి, పూజించి, ముక్కలుగా పంచుకుని తినేవాళ్లు. తమ ప్రసాదానికి ఇది దయ్యపు నకలు అనిపించింది క్రైస్తవ ఫాదరీలకు. ఆ ఆచారాన్ని అణిచేశారు. 1571లో మెక్సికో నగరంలోనే ఇన్‌క్విజిషన్ న్యాయస్థానం వెలిసింది. గ్రెనడాలో కుస్‌కుస్ గిన్నె దగ్గర నేర్చుకున్న చూపునే ఇక్కడికీ తెచ్చుకున్నారు.

అయినా ఆ వంటలో ఆదివాసుల వాటా పెద్దది. టమాటా, మిరప, రాజ్మా వాళ్లవి. టమాటా అనే మాట కూడా వాళ్ల నహువాత్ల్ భాషలోని 'తొమాత్ల్'. అన్నీ కలిపి ఒకే గిన్నెలో పెట్టి తినడం మాత్రం మెక్సికో అలవాటు కాదు. అక్కడ ఎర్ర అన్నం అసలు కూరకంటే ముందు విడిగా వడ్డించే 'పొడి సూప్'. గిన్నె పద్ధతిని బాగా వ్యాప్తి చేసింది అమెరికా హోటళ్లు. 1993లో డెన్వర్‌లో మొదలైన చిపోట్లే కంపెనీ 2003లో రొట్టె తీసేసి లోపలి సరుకంతా గిన్నెలో పెట్టి అమ్మడం మొదలెట్టింది. ఆ కంపెనీ పేరు కూడా పొగబెట్టిన మిరపకాయకు నహువాత్ల్ మాటే. మెక్సికో మాటలు, మెక్సికో రుచులు సరిహద్దు దాటి అమెరికాలో వీధివీధినా ఉన్నాయి. మెక్సికో మనుషుల కోసం మాత్రం సరిహద్దులో గోడ కడుతున్నారు. వలెన్సియాలో జరిగిందానికీ దీనికీ పోలిక నేను చెప్పక్కర్లేదు.

మరి మన గిన్నె? మిరపకాయ మనకు అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన కారమంతా మిరియంలో ఉండేది. గుంటూరు మిరప లేని తెలుగుతనాన్ని ఇవాళ ఊహించలేం. సీమచింతకాయ మెక్సికో చెట్టు, దాని పేరులో 'సీమ' అనే జ్ఞాపకమన్నా మిగిలింది. సీతాఫలానిది కూడా అమెరికా ఖండమే, దానికి ఏకంగా సీతమ్మ పేరు పెట్టుకున్నాం. చాలా బ్రాహ్మణ ఇళ్లలో తద్దినం వంటలో ఇప్పటికీ పచ్చిమిర్చి, టమాటా రావు. ఇవి బయటినుంచి వచ్చినవని ఆ ఒక్క రోజు గుర్తుంటుంది. మిగతా 364 రోజులూ అవి మన ఊరివే. కాయకూ పండుకూ ఇచ్చిన ఈ మర్యాద మనిషికెందుకు ఇవ్వరు? ఎక్కణ్నుంచి వచ్చావని మిరపకాయను ఎవరూ అడగరు. ఈ మట్టిలో పుట్టిన నన్ను అడుగుతారు.

2012 ఏప్రిల్లో ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే దాని మీద దాడి జరిగింది. ఆ పండుగలో ముందు నిలబడింది దళిత విద్యార్థులు. పెద్దకూర మా ఒక్కరిదే కాదని, అవమానం కూడా మా ఒక్కరిదే కాదని అప్పుడు నాకు గట్టిగా తెలిసింది. 2015 సెప్టెంబర్ 28 రాత్రి ఉత్తరప్రదేశ్‌లో దాద్రీ దగ్గరి బిసాడా ఊళ్లో, ఇంట్లో గొడ్డుమాంసం ఉందనే పుకారుతో ఒక మనిషిని గుంపు కొట్టి చంపింది. తర్వాత పోలీసులు మాంసాన్ని ప్రయోగశాలకు పంపారు. మనిషి చచ్చిపోయాడు, మాంసం ఏ జంతువుదన్న చర్చ ఏళ్ల తరబడి నడిచింది. గిన్నె మూత తీసి మనిషిని తేల్చే పని పాతబడలేదు.

నా సెక్యులర్ మిత్రులకు ఒక మాట. మీరు మా ఇంటికి ఈద్‌కు వస్తారు, బిర్యానీ మెచ్చుకుంటారు, షీర్‌ఖుర్మా రెండో గిన్నె అడుగుతారు. మీ ప్రేమ నిజమే. కానీ రుచిని ఇష్టపడటం వేరు, మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు. వలెన్సియావాళ్లు కూడా అన్నాన్ని ఇష్టపడ్డారు. నేను అడిగేది చిన్నది. మా పిల్ల గిన్నెలో ఏముందో నిజం చెప్పినప్పుడు బెంచీ మారకండి.

మా మేనకోడలికి ఈ వంట విధానం రాసి పంపాను. అబద్ధం చెప్పొద్దని రాయలేదు. బెంచీ మారినప్పుడు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, దూరం నుంచి ధైర్యం చెప్పడం తేలిక. వారం తర్వాత ఫోన్ చేసింది. అన్నం పొడిపొడిగా వచ్చిందట, ఖీమాలో మాత్రం మాట వినకుండా కాస్త గరం మసాలా వేసిందట.

"ఉల్లిపాయ వేయిస్తుంటే అపార్ట్‌మెంటంతా వాసన మామూ. కిటికీలన్నీ మూసి వండినా."

గ్రెనడాలో శుక్రవారం తలుపులు తెరిచే ఉంచాలని ఆజ్ఞ. డాలస్‌లో కిటికీలు మూసుకోమని ఎవరూ ఆజ్ఞ వేయలేదు. ఆమే మూసుకుంది. తెరవాలా మూయాలా అన్నది పొగ ఎటు పోతుందో చూసుకుని వండేవాళ్లే తేల్చుకునే రోజు రావాలి. ఓహలా.